తాళం వేసిన ఇంటి రిపోర్టు

వారం కిందట ఫీల్డు మేడంని ఒక పాత ఫైలు ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. ఆ ఫైలు ఆమె చేతికి ఎలా వచ్చిందో మరిచిపోయినవారి కోసం నాలుగు ముక్కలు.

సోషల్ వర్కు కాలేజీలో చదివే విద్యార్థులను ఆస్పత్రులకూ, పిల్లల హోములకూ శిక్షణకు పంపించే బాధ్యత ఆమెది. ఆ శిక్షణను ఫీల్డు వర్కు అంటారు, ఆ పేరు అందుకే వచ్చింది. ఈసారి రెండో సంవత్సరం విద్యార్థినుల్లో ఒకామెను పిల్లల హోముకు పంపిస్తే, అక్కడి సూపరింటెండెంటుగారు గేటు దగ్గర్నుంచే తిప్పి పంపారు. పదమూడేళ్ళ కిందట ఆమె కన్నబిడ్డనే శిశు సంక్షేమ కార్యాలయం వాళ్ళు తీసుకెళ్ళిపోయారనీ, ఆ సంగతి కాలేజీకి ఇచ్చిన అర్హతా ఫారంలో దాచిపెట్టిందనీ ఉత్తరం రాశారు. ఆ విద్యార్థినికి ముప్పయ్యారేళ్ళు. పన్నెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి చదువుకు వచ్చింది కనుక క్లాసంతా ఆమెను కండక్టరమ్మ అంటారు. సోమవారం పదకొండింటికి విచారణ. బుధవారానికల్లా శిక్షణ మొదలవకపోతే ఆమెకు ఏడాది పోయినట్టే. విచారణ కోసమని ఫీల్డు మేడం తెప్పించిన పాత ఫైలులో, ఆఖరి పేజీ అడుగున, రిపోర్టు రాసిన ఉద్యోగి సంతకం ఉంది.

ఆ సంతకం ఫీల్డు మేడందే.

ఆదివారం మధ్యాహ్నం దాకా ఆమె ఆ ఫైలును సంచీలోంచి బయటికి తీయలేదు. తీయకపోతే మాత్రం ఏం లాభం, అందులోని నాలుగు వాక్యాలూ అప్పటికే నోటికి వచ్చేశాయి. 'ఇంటి లోపల దుర్వాసన. పొయ్యి పక్కన ఖాళీ మద్యం సీసాలు మూడు. బిడ్డ ఒంటిమీద శుభ్రమైన బట్ట లేదు. పై విషయాలన్నీ కళ్ళారా చూసి నమోదు చేయడమైనది.'

కళ్ళారా! ఆ ఇంటి తలుపుకు తాళం వేసి ఉంది.

అప్పుడామెకు ముప్పయ్యిరెండేళ్ళు. సంక్షేమ కార్యాలయంలో టెంపరరీ ఉద్యోగం. రోజుకు ఎనిమిది ఇళ్ళు తిరగాలి, అది ఆరో ఇల్లు. పక్కనుంచి మెట్లెక్కితే మేడ మీద రెండు వాటాలు. ఒకదానికి తాళం, రెండోదీ మూసే ఉంది. కింద కుళాయి దగ్గర బట్టలు జాడిస్తున్న ఇంటావిడ అడక్కుండానే అంతా చెప్పింది. ఆ పిల్ల తల్లి తాగుతుందనీ, సీసాలు తన కళ్ళతో చూశాననీ, పిల్లకు స్నానమైనా చేయించదనీ. ఫారంలో 'ఇంటి లోపలి పరిస్థితి' అని ఒక గడి ఉండేది. అది ఖాళీగా ఉంటే ఆఫీసరు కాగితాన్ని మొహాన కొట్టేవాడు. ఆమె మెట్ల మీద కూర్చుని ఆ గడి నింపేసింది. రేపు మళ్ళీ వచ్చి చూద్దాం, తేడా ఉంటే దిద్దుదాం అనుకుంది. రేపు ఆమెను ఊరి రెండో చివరకు పంపించారు. నాలుగో రోజున బిడ్డను తీసుకెళ్ళిపోయారు.

"ఏమోయ్, పొద్దుట్నుంచీ ఒకే కప్పు కడుగుతున్నావు. అరిగిపోతుంది," అన్నాడు భర్త వంటింటి గుమ్మంలోంచి. ఆయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆదివారాలు ఇంటి పట్టునే ఉండి, ఊరందరి చూపూ తనే బాగుచేస్తున్నట్టు కబుర్లు చెబుతుంటాడు.

ఆమె కప్పు పక్కన పెట్టి అంతా చెప్పింది. చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

"నాకు తెలుసు కదండీ."

"నువ్వు కాకుండా?"

"ఎవరికీ తెలీదు."

"సంతకం చూసి పోల్చుకుంటారా?"

"ఏమో."

"పోల్చుకోలేరు. పెళ్ళి రిజిస్టరులో నీ సంతకం చూసి, ఈ పిల్ల పేరేమిటో కనుక్కోండ్రా అన్నాడు మా మావయ్య." నవ్వించబోయాడు, ఆమె నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "చూడు, ఆ అమ్మాయికి పిల్లల హోము కాకపోతే మరోటి లేదా? వృద్ధుల కేంద్రానికి పంపించు. ఆమెకు ఏడాది పోదు. నీ పరువూ నిలుస్తుంది. తప్పు చేశావు, నేను కాదనను. కానీ ఇప్పుడు నోరు విప్పితే ఎవరికి మేలు?"

ఆ మాట ఆమె మనసుకు కాస్త చల్లగానే తగిలింది. అంత చల్లగా తగిలినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా రాత్రి పడుకునే ముందు డైరీలో రాసుకుంది: 'వృద్ధుల కేంద్రం. రేపు పదింటికి ఫోను.'

*

ఫోను చేసింది. వాళ్ళు సరే అన్నారు. పదకొండింటికి కమిటీ గదిలోకి అడుగు పెట్టేటప్పటికి ఆమె దగ్గర ఒక దారి సిద్ధంగా ఉంది.

బల్లకు ఒక పక్క డిపార్టుమెంటు హెడ్డుగారు. ఇంకో ఐదు నెలల్లో రిటైరవుతారు. కాగితం చూడందే కన్నతల్లినైనా అమ్మా అని పిలవరని ఆయనకు పేరు. ఆయనకు ఎదురుగా హోము సూపరింటెండెంటుగారు, కుర్చీకి వీపు ఆనించకుండా నిటారుగా కూర్చున్న సన్నటి మనిషి. అరవయ్యికి దగ్గర్లో ఉంటారు. ఒళ్ళోని సంచీలో తాళాల గుత్తి ఉన్నట్టుంది, కదిలినప్పుడల్లా చప్పుడవుతోంది. బల్ల చివర కండక్టరమ్మ. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని, బస్సు బయల్దేరడానికి ఇంకా టైముందన్నట్టు స్థిమితంగా ఉంది.

"పద్నాలుగో ప్రశ్న," అంటూ హెడ్డుగారు ఫారం చదివారు. "మీ సంరక్షణలో ఉన్న బిడ్డను ఎప్పుడైనా ప్రభుత్వం తీసుకువెళ్ళిందా? ఎదురుగా 'లేదు' అని ఉంది. ఈ దస్తూరీ నీదేనా అమ్మా?"

"నాదేనండీ."

"మరి ఇది నిజమేనా?"

"కాదండీ. అబద్ధం రాశాను."

ఆయన ఇంకో నాలుగు ప్రశ్నలు వేసి ఈ జవాబు రాబట్టాలని సిద్ధపడి వచ్చారు. ఒక్క మాటకే వచ్చేసరికి ఏం చేయాలో తోచక కాగితం అటూ ఇటూ తిప్పారు. "ఎందుకు రాశావు?"

"ఉంది అని రాస్తే సీటు ఇచ్చేవారా అండీ?"

హెడ్డుగారు మళ్ళీ ఫారంలోకి తల దించారు. సూపరింటెండెంటుగారే అందుకున్నారు.

"సీటు సంగతి మీరూ మీరూ చూసుకోండి. నా దగ్గర నలభై రెండు మంది పిల్లలున్నారు. అందులో సగం మంది తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపడే పిల్లలు. వాళ్ళ మధ్యకి ఎవర్ని పంపినా ముందు నేను నమ్మాలి." ఆవిడ ఫైలు దగ్గరికి లాక్కుని ఆఖరి పేజీ తీశారు. "ఇది నేను కల్పించి రాసింది కాదు. వినండి." చదివారు. దుర్వాసన. సీసాలు మూడు. శుభ్రమైన బట్ట లేదు. కళ్ళారా చూసి నమోదు చేయడమైనది.

సొంత వాక్యాలు ఇంకొకరి నోట వింటుంటే ఫీల్డు మేడం డైరీని దగ్గరికి లాక్కుంది.

"నేను తాగుడు ఎరగనండీ," అంది కండక్టరమ్మ. "మా ఆయన పోయిన ఏడాదే ఉద్యోగంలో చేరాను. తెల్లారుజాము బస్సు నాది. పాపని పక్క వాటా టైలరమ్మ దగ్గర ఉంచి వెళ్ళేదాన్ని. కుళాయి దగ్గర కిందావిడకీ నాకూ పడేది కాదు. ఆవిడే వెళ్ళి ఫిర్యాదు చేసింది. మా ఇంట్లోకి ఏ ఆఫీసరూ రాలేదండీ. వచ్చి ఉంటే చూసేవాళ్ళు కదా."

"టైలరమ్మ ఇప్పుడెక్కడ?"

"చనిపోయి ఆరేళ్ళయిందండీ."

"అంటే సాక్షి లేదు." సూపరింటెండెంటుగారు ఫీల్డు మేడం వైపు తిరిగారు. "మీరు చెప్పండి. పాఠం చెప్పేది మీరు. ఒకామె వచ్చి కళ్ళారా చూశానని రాసి సంతకం పెట్టింది. ఆమెకి ఈ అమ్మాయితో పగా పంతమా? అలాంటి రిపోర్టుని కాదనమంటే దేన్ని చూసి కాదనమంటారు?"

ఇక్కడే ఫీల్డు మేడం వృద్ధుల కేంద్రం మాట ఎత్తాలి. రాసుకొచ్చిన కాగితం డైరీ లోపలే ఉంది. ఆమె డైరీ తెరిచింది కూడా. కానీ కండక్టరమ్మ అటు చూడటం లేదు. ఆమె చూపు బల్ల మీది నీళ్ళ జగ్గు మీద ఉంది. ఎవరేం చెప్పినా తనకు ముందే తెలుసన్నట్టు, పదమూడేళ్ళుగా ఈ గదిలోనే కూర్చుని ఉన్నట్టు ఉంది.

"ఆ ఇంటికి తాళం వేసి ఉంది," అంది ఫీల్డు మేడం.

"మీకెలా తెలుసు?"

"ఆ రిపోర్టు రాసింది నేనే."

హెడ్డుగారు పెన్ను కింద పెట్టారు. పక్క గదిలో ఎవరో టైపు చేస్తున్న చప్పుడు గోడలోంచి వినబడసాగింది. ఫీల్డు మేడం ఆగలేదు. ఆగితే మళ్ళీ మాట పెగలదని ఆమెకు తెలుసు. ఆరో ఇల్లు, మెట్లు, కిందావిడ, ఖాళీగా వదలకూడని గడి, అన్నీ చెప్పింది. విన్నదాన్ని చూశానని రాశానంది. రేపు దిద్దుదామనుకుని దిద్దలేదంది. తర్వాత ఆ ఉద్యోగం వదిలేశాననీ, ఆ ఇల్లు మాత్రం మొన్న శనివారం దాకా మరిచేపోయాననీ చెప్పింది. ఆ చివరి మాట చెప్పేటప్పుడు తల ఎత్తలేకపోయింది.

"ఎన్ని?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఏమిటండీ?"

"ఇలాంటి రిపోర్టులు ఎన్ని రాశారు?"

"అదొక్కటే." ఒక్క క్షణం ఆగింది. "అదొక్కటే అనుకుంటున్నాను."

ఆ 'అనుకుంటున్నాను' బల్ల మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఫీల్డు మేడం కండక్టరమ్మ వైపు తిరిగింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో, లేచి మీద పడుతుందేమో అనుకుంది. అలాంటిదేమీ జరగలేదు.

"నాకు తెలుసు మేడం," అంది కండక్టరమ్మ.

"ఏం తెలుసు?"

"రాసింది మీరేనని. కిందటేడు మీరు నా ఫీల్డు డైరీ మీద సంతకం పెట్టినప్పట్నుంచీ తెలుసు. రిపోర్టు నకలు నా దగ్గరుంది. సంతకం కింద గీత, గీత కింద రెండు చుక్కలు. పదమూడేళ్ళు చూసిన సంతకాన్ని పోల్చుకోలేనా?"

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే మీరు కాదనేవారు. కాదన్నాక నేను మీ క్లాసులో కూర్చోలేను. నాకు చదువు కావాలి." ఆమె ఎక్కడా గొంతు పెంచలేదు. "ఫలానాది చూశాం అని రాయాలంటే చూసి ఉండాలి, విన్నది విన్నట్టే రాయాలి అని మొదటి క్లాసులో చెప్పారు కదా. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. సంతకం సంగతి తెలిశాక ఆ రోజు నోట్సు తీసి చూసుకున్నాను. మొదట నవ్వొచ్చింది. తర్వాత బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను."

హెడ్డుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన ముఖం ఐదు నిమిషాల్లో ఐదేళ్ళు పైబడినట్టయింది. "మేడం, మీరు ఇప్పుడు చెప్పిందంతా రాసి ఇవ్వాలి. ఈ కేసు నుంచి తప్పుకోవాలి. తర్వాతి సంగతి కమిటీ చూస్తుంది. నా చేతుల్లో లేదు. పన్నెండేళ్ళ పరిచయం ఉన్నా సరే, నా చేతుల్లో లేదు."

"ఇప్పుడే రాసిస్తానండీ."

అక్కడే కూర్చుని ఒకటిన్నర పేజీ రాసింది. సంతకం పెట్టి గీత గీసింది. చుక్కలు పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఇక అంతా తేలిపోయిందనే అనుకుంటాం మనం. సూపరింటెండెంటుగారు అనుకోలేదు.

"ఇక్కడ రెండు కాగితాలు, రెండూ అబద్ధాలు," అన్నారు. "ఆ రిపోర్టు చెల్లదు, ఒప్పుకున్నాను. అంతమాత్రాన ఈమె బిడ్డను చక్కగా చూసుకుందని రుజువైపోదు కదా. నాకు ఈమె మీద కోపం లేదు. ఏమాటకామాట, నిజం చెప్పింది కాబట్టి గౌరవం కూడా కలిగింది. కానీ నేను గౌరవంతో గేటు తాళం తీయలేను. ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉండేది. ఆ పిల్లకి ఇప్పుడు ఎన్నేళ్ళు?"

"పదిహేడు," అంది కండక్టరమ్మ.

"ఆ అమ్మాయి తన చేత్తో రాసివ్వాలి. తల్లి దగ్గర తనకి ఎలా జరిగిందో, ఏం గుర్తుందో. మీరెవరూ పక్కన కూర్చుని రాయించకూడదు. ఆమె ఏం రాస్తే నేను దాన్నే నమ్ముతాను. బాగుందంటే బుధవారం పొద్దున్న గేటు దగ్గర నేనే నిలబడి లోపలికి తీసుకెళ్తాను."

హెడ్డుగారు ఊపిరి పీల్చుకున్నారు. కాగితం దొరికింది ఆయనకు. వెంటనే ఒక ఉత్తరం రాయించి, తెల్ల కాగితాలు రెండూ కవరు ఒకటీ జతచేసి కండక్టరమ్మ చేతికిచ్చారు. మంగళవారం సాయంత్రం ఐదింటిలోగా ఆ అమ్మాయే కవరు అంటించి తెచ్చి ఇవ్వాలి.

*

వరండాలో కండక్టరమ్మ ఆగింది. ఫీల్డు మేడం ఆమెను దాటి వెళ్ళలేక, ఎదురు నిలవలేక గోడ పక్కన తచ్చాడింది.

"క్షమించమని అడిగే మొహం నాకు లేదమ్మా," అంది చివరికి.

"ఆ మాట తర్వాత మాట్లాడుకుందాం మేడం. నాకో పని చేసిపెట్టండి. నాతో వచ్చి, లోపల చెప్పిందే మా అమ్మాయికి చెప్పండి." కండక్టరమ్మ కవరును మడవకుండా రెండు చేతులతో పట్టుకుంది. "హోములో పద్నాలుగు నెలలు ఉంచారు దాన్ని. తర్వాత మా ఆడపడుచు పూచీ పడి తెచ్చుకుంది. నాకివ్వలేదు, రిపోర్టు అడ్డమొచ్చింది. మేనత్త దగ్గరే పెరిగింది. ఆదివారం ఆదివారం వెళ్ళి చూసొస్తాను. నన్ను 'మీరు' అంటుంది మేడం. బస్సులో టికెట్టు కొట్టే మనిషితో మాట్లాడినట్టు. వాళ్ళమ్మ తాగుబోతని హోములో ఎవరో చెప్పే ఉంటారు. నేను కాదంటే నమ్ముతుందా? మీరు చెబితే నమ్ముతుంది."

"ఆమె రాసేటప్పుడు మనం పక్కన ఉండకూడదు కదా."

"రాయించడానికి కాదు. ఈ శిక్షణ పోతే పోనీండి, నేను మళ్ళీ బస్సెక్కి బతగ్గలను. ఈ ఒక్క మాట మాత్రం చెప్పి వెళ్ళిపోండి."

ఇద్దరూ మూడున్నర బస్సెక్కారు. సీట్లు లేవు. ఫీల్డు మేడం మలుపు మలుపుకీ పైకమ్మీని పట్టుకుని వేలాడింది. కండక్టరమ్మ దేన్నీ పట్టుకోకుండా, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, కవరు గుండెకు ఆనించుకుని నిలబడింది. దారిలో ఒకసారి బస్సు గట్టిగా బ్రేకు వేసినప్పుడు, ఫీల్డు మేడం ముందుకు తూలితే, కండక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. పట్టి ఆపిన చెయ్యి వెంటనే తీసేసింది.

మేనత్తది చిన్న లాండ్రీ. ముందు గదిలో కౌంటరు, దాని వెనక తీగల మీద వేలాడే చొక్కాలూ కోట్లూ. లోపలి గదిలోంచి ఆవిరి వస్తోంది. మేనత్త ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి తొంగిచూసి, "వదినా, ఆదివారం కాదుగా ఇవాళ?" అని ఆశ్చర్యపోయి, వెనకాల కొత్త మనిషి కనబడేసరికి మళ్ళీ లోపలికి తప్పుకుంది.

అమ్మాయి కౌంటరు దగ్గర కూర్చుని బట్టలకు నంబరు చీటీలు గుచ్చుతోంది. తల్లి పోలికే, ఆ చేతుల నిలకడ కూడా తల్లిదే. "కూర్చోండి," అంది ఇద్దర్నీ కలిపి.

కూర్చోలేదు ఫీల్డు మేడం. నిలబడే చెప్పింది. కమిటీ గదిలో చెప్పిందానికన్నా ఇక్కడ కష్టమైంది. అక్కడ విన్నది కమిటీ. ఇక్కడ ఎదురుగా ఉన్నది ఆ బిడ్డే. అమ్మాయి మధ్యలో అడ్డు రాలేదు. ఒక దుప్పటికి చీటీ గుచ్చి పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంది.

"అయితే సీసాలు లేవు?" అని అడిగింది అంతా అయ్యాక.

"లేవు. అంటే, నేను చూడలేదు."

"ఉన్నాయో లేవో మీకు తెలీదు."

"తెలీదమ్మా."

"నాకు తెలుసు. లేవు."

కండక్టరమ్మ ఒక్క అడుగు ముందుకు వేసి, కవరు కౌంటరు మీద వదిలేసి దాని అంచు పట్టుకుంది. బస్సులో దేన్నీ పట్టుకోని మనిషి! "నీకు తెలుసా? మరి ఇన్నాళ్ళూ నన్ను..."

"మిమ్మల్ని తాగుబోతని నేను ఎప్పుడైనా అన్నానా?"

"అనలేదు. కానీ నన్ను 'మీరు' అని..."

అమ్మాయి చీటీల డబ్బా మూత పెట్టింది. తల్లిని వదిలి ఫీల్డు మేడం వైపు చూసింది. "మీరు పైనుంచి మూడో మెట్టు మీద కూర్చున్నారు. ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసుకున్నారు. చెప్పులు విడిచి పక్కన పెట్టుకున్నారు, ఎడం మడమ దగ్గర కట్టు ఉంది. చెప్పు కరిచి ఉంటుంది."

ఆ కట్టు సంగతి ఫీల్డు మేడం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తనకే గుర్తులేదు. ఇప్పుడు ఆ మడమ మండినట్టయింది. "నీకెలా..."

"నేను లోపలే ఉన్నాను. కిటికీ సందులోంచి చూశాను. చప్పుడు చెయ్యకు, ఎవరొచ్చినా పలక్కు అని చెప్పి వెళ్ళింది అమ్మ. అందుకని పిలవలేదు. చెయ్యి ఊపాను. మీరు చాలాసేపు ఉన్నారు. ఎప్పుడో ఒకప్పుడు ఇటు చూస్తారనుకున్నాను."

"లేదు!" అంది కండక్టరమ్మ. "నువ్వు టైలరమ్మ దగ్గర ఉన్నావు. రోజూ అక్కడే కదా ఉంచేదాన్ని."

"టైలరమ్మ ఆ వారమంతా ఊళ్ళో లేదమ్మా. వాళ్ళమ్మాయి కాన్పుకి వెళ్ళింది. ఐదు రోజులు తాళం వేశావు." మొదటిసారి 'వేశావు' అంది. అన్నట్టు ఆ పిల్లకే తెలియలేదు. "మంచినీళ్ళు గిన్నెలో పోసి పెట్టేదానివి. రెండో రోజుకే గిన్నె తిరగబడింది."

కండక్టరమ్మ ముఖంలో ఏం కదిలిందో ఫీల్డు మేడం చూసింది. ఈసారి నిజంగానే కళ్ళారా చూసింది. అది అబద్ధం బయటపడిన మనిషి ముఖం కాదు. పదమూడేళ్ళుగా తనకు తానే చెప్పుకుని నిజమని నమ్మేసిన మాట ఒకటి, చేతుల్లోంచి జారిపోతున్న మనిషి ముఖం.

కవరు కౌంటరు మీద ఉంది. అమ్మాయి దాన్ని తీసి, హెడ్డుగారి ఉత్తరం మొదట్నుంచి చివరి దాకా చదివింది. తెల్ల కాగితం ఒకటి తీసి ముందు పెట్టుకుంది. పెన్ను మూత తీసింది.

"సీసాలు అబద్ధం, తాళం నిజం," అంది. "రెండూ రాస్తే అమ్మ చదువు ఆగిపోతుంది. ఒక్కటే రాస్తే, మేడం, నేనూ మీరు రాసినట్టే రాసినదాన్నవుతాను. ఐదింటిలోగా అన్నారు కదా రేపు. మీరిద్దరూ ఉండగానే అడుగుతున్నాను. నన్నేం రాయమంటారు?"